సీసాలమ్మ మీద నా ఫిర్యాదు

సోమవారం

రాయి. ముందు ఇది ఎవరు చెబుతున్నారో రాయి. చెబుతున్నది నేను, ఈ ఇంటి పెద్దకోడలిని. రాస్తున్నది మా తోటికోడలు, అంటే మా మరిది భార్య. ఫిర్యాదు కూడా ఆవిడ మీదే. నవ్వకుండా రాయి.

నాకు చదువు రాదు. రాలేదని నేనెప్పుడూ సిగ్గుపడలేదు, సిగ్గుపడే తీరిక ఎవరిచ్చారు గనక. మా అబ్బాయి, కోడలు కింద కుట్టుపని కొట్టు నడుపుతారు. పొద్దున మెట్లు దిగితే సాయంత్రం ఎక్కుతారు. వాడు గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఒక చెవి దగ్గర నేను, ఇంకో చెవి దగ్గర వాళ్ళ పిన్ని మొదలుపెడుతున్నామట.

"అమ్మా, రెండు చెవులూ మీకే ఇచ్చేశాను, కాని మధ్యలో తలకాయ ఉంది," అన్నాడు. "నీ బాధేదో రోజూ రాయించి పెట్టు. పిన్ని ప్రయాణం రోజున కూర్చుని మొత్తం చదువుతాను. తప్పెవరిదో అప్పుడు తేలుద్దాం."

"నాకు రాయడం వచ్చా?"

"పిన్నికి వచ్చుగా."

"ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతే రాయించమంటావా? పాలగిన్నెకి పిల్లిని కాపలా పెట్టినట్టుంది."

ఈవిడ అక్కడే నిలబడి ఉంది. "రాస్తాను. నాకేం భయం," అని కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది.

తేలాక ఏం చెయ్యాలో కూడా నేనే చెప్పాను. తప్పు ఎవరిదైతే వాళ్ళు ఇక ఈ వంటింటి గట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. అందరూ సరేనన్నారు.

ఇక అసలు సంగతి. మా వంటింట్లో పాత నల్లరాతి గట్టు పగిలితే మా అబ్బాయి కొత్తది వేయించాడు. పాలరాయి, మీగడ రంగు. చెయ్యి వేస్తే పసిపిల్ల బుగ్గ తగిలినట్టుండేది. దాన్ని నేను తప్ప ఎవరూ తోమకూడదని మొదటిరోజే చెప్పాను. ఇత్తడి కొళాయిని ఎలా తోముతానో అలాగే, నిమ్మచెక్క ఉప్పులో అద్ది, భుజం నొప్పెట్టేదాకా. నిమ్మకాయతో తోమితే మెరవని వస్తువు లేదు. నేను తోమి కడిగి ఇవతలికి రాగానే ఈవిడ తన నీలం సీసా పట్టుకెళ్ళి దానిమీద స్ప్రే కొడుతుంది. కొన్నాళ్ళకి సింకు పక్కన పళ్ళెమంత మచ్చ తేలింది. మెరుపు చచ్చిపోయి, గరుకుగా, సున్నం పూసినట్టు తెల్లగా.

"నీ నీలంనీళ్ళు రాయిని తినేశాయి," అన్నాను.

"నా సీసా అలా చెయ్యదక్కా. అది రాళ్ళు తుడవడానికే అమ్మేది."

"అబద్ధాలకోరుదానా," అన్నాను. కొడుకూ కోడలూ ఉండగానే అన్నాను. అన్నది అన్నట్టు రాయి.

ఆ మాటకి ఈవిడ కూతురికి ఫోన్ చేసింది. ఆ పిల్ల, "వచ్చెయ్యమ్మా, గది ఖాళీగానే ఉంది," అందట. ఈ ఆదివారం కాక పై ఆదివారం ప్రయాణం. మళ్ళీ వస్తానని కాదు, ఇక అక్కడే ఉంటానని.

వెళ్తే వెళ్ళనీ. వంటిల్లు విశాలమవుతుంది.

మంగళవారం

ఈవిడ సీసాల సంగతి రాయి. అద్దాలకి ఒక సీసా, నేలకి ఒకటి, గిన్నెలకి ఒకటి, చెక్కసామానుకి ఒకటి, ఫ్రిజ్ తలుపు రబ్బరుకి ఒకటి. నోరు కడుక్కోవడానికి ఒక్కటే తక్కువ. అందుకే సీసాలమ్మ అని పేరు పెట్టాను. ఊరికే పడుంటుందా, నాకు రాపిడమ్మ అని పెట్టింది. రెండూ నిజమే కనుక రెండూ నిలిచాయి.

నా పద్ధతి వేరు. మురికిని ముందు గుర్తుపట్టాలి. మసి మొండిది, నానబెట్టి లొంగదియ్యాలి. జిడ్డు సిగ్గులేనిది, వేడినీళ్ళు మొహాన కొడితే గాని కదలదు. మరక నంగనాచి. తడిగా ఉన్నంతసేపు పోయినట్టు నటించి, ఆరాక మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. సీసా మీద బొమ్మ చూసి కడిగేవాళ్ళకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి.

పొద్దున కిటికీ అద్దం దగ్గర పడింది ఇద్దరికీ. నేను తడిపిన పాతపేపరుతో తుడుస్తున్నాను.

"అక్కా, పేపరు నలుపంతా కిటికీ చెక్కకి అంటుతోంది."

"అంటితే తుడుస్తాను."

"దేంతో?"

"ఇంకో పేపరుతో."

నవ్వింది. నాకూ వచ్చింది గాని బయటికి రానివ్వలేదు. ఆ ముక్క రాయక్కర్లేదు. రాసేశావా? సరే, ఉండనీ.

బుధవారం

గట్టు ఇవాళ ఇంకా గట్టిగా తోమాను, రెండు నిమ్మకాయలు పిండి. మచ్చ తగ్గకపోగా పెరిగింది. నీలం సీసా నిన్నటి నుంచి నా బీరువాలో తాళంలో ఉంది. అయినా పెరిగింది. పాత విషం, లోపల పని చేస్తోంది.

గురువారం

నాకో అనుమానం వచ్చింది. నేను చెప్పేది ఒకటి, ఈవిడ రాసేది ఒకటి అయితే? నాకు అక్షరాలన్నీ చీమల బారులాగే ఉంటాయి. అందుకని మధ్యాహ్నం అన్నానికి వచ్చిన కోడలిని పట్టుకుని చదవమన్నాను. కోడలు తెలివైంది, ఈ గొడవలో ఇంతవరకు తల దూర్చలేదు. మెడలో కొలతల టేపుతోనే కూర్చుని మొదటి నుంచి చదివింది. అబద్ధాలకోరుదానా అన్నది ఉంది. పిల్లి సామెత ఉంది. నోరు కడుక్కునే సీసా ఉంది. నాకు నవ్వొచ్చిందన్న మాట కూడా ఉంది.

"ఒక్క ముక్కయినా తగ్గించిందేమో చూడు."

"లేదత్తయ్యా. మీరు దగ్గింది తప్ప అన్నీ రాశారు చిన్నత్తయ్య."

ఈవిడ అటు తిరిగి గిన్నెలు తుడుస్తోంది, తిరిగి కూడా చూడలేదు. కోడలు కిందికి వెళ్ళాక నేనే అడిగాను.

"నిన్ను తిట్టింది నువ్వే రాసుకున్నావు. కాస్త తగ్గించి రాసుకుంటే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి?"

"నాకు తెలుస్తుందిగా అక్కా."

ఇలాంటి మనుషులతో పోట్లాట కష్టం. ఎక్కడ పట్టుకున్నా జారదు, విరగదు.

శుక్రవారం

ఇక ఋజువు చేసి పారేస్తాను. ఆవిడ ఎదురుగానే చెబుతున్నాను, ఆవిడ చేత్తోనే రాయిస్తున్నాను, నాకు దాపరికం లేదు.

రాయి పరిచిన మేస్త్రీ అదే పాలరాయి ముక్క ఒకటి మిగిలితే వదిలేసి వెళ్ళాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా బాల్కనీలో అడ్డం పెట్టుకున్నాం. దాన్ని కడిగి, మధ్యలో కోడలి కొట్లో దారం ఒకటి అడ్డంగా కట్టాను. ఒక సగం మీద ఈవిడ నీలంనీళ్ళు. ఇంకో సగం మీద నా నిమ్మరసం, ఉప్పు. సాయంత్రం పూసి పొద్దునదాకా వదిలేస్తాను. ఆవిడ సగం కుళ్ళిపోతుంది. నా సగం ఎలా వస్తుందంటే, కోడలు అందులో చూసుకుని జడ వేసుకోవచ్చు.

"ఇప్పుడే ఒప్పుకుంటే సగం పరువు మిగులుతుంది," అన్నాను.

"పూసి చూడక్కా," అంది, తలెత్తకుండా రాసుకుంటూనే.

శనివారం

ఇవాళ రాయడానికేం లేదు.

శనివారమే, మధ్యాహ్నం

ఒక్క విషయం రాయి. ఈ కాలం నిమ్మకాయలు మంచివి కావు. పైన మెరవడానికి ఏదో మందు పూస్తున్నారు. రసంలో కూడా దిగుతుంది. వెనకటి నిమ్మకాయ వేరు, కోస్తే ఇల్లంతా తెలిసేది.

"నిమ్మకాయల సంగతి ఇప్పుడెందుకక్కా?"

"రాయమంటే రాయి."

రాసింది. కాసేపాగి, "రాతిముక్క ఏమైంది?" అంది.

"ఇంకా ఆరలేదు."

ఆదివారం

వీధి చివర కొట్లో వేరే నిమ్మకాయలు తెప్పించాను. ఆ ముక్కనే తిప్పి, వెనకవైపు నున్నటి చోట మళ్ళీ పూసి చూశాను.

ఆ కొట్టు నిమ్మకాయలు కూడా మంచివి కావు. లోకమే పాడైపోయింది.

సోమవారం

గట్టు ఇవాళ ఉత్త తడిగుడ్డతో తుడిచాను. ఎందుకని అడగొద్దు.

ఈవిడ తన అల్మారా ఖాళీ చేస్తోంది. ఖాళీ చేసి ఊరుకోకుండా అడుగు కాగితం తీసి, కొత్తది పరిచి, మూలలు పుల్లతో గీకి మరీ శుభ్రం చేస్తోంది. వెళ్ళేవాళ్ళకి మూలలెందుకు. సీసాలన్నీ బయట పెట్టి, కోడలి దగ్గర దారాలు తెచ్చి ఒక్కోదాని మెడకి ఒక్కో రంగు కడుతోంది.

"ఏమిటా వేషాలు?"

"నువ్వు చదవలేవుగా. ఎర్రది నేలకి. తెల్లది అద్దాలకి. పచ్చది గిన్నెలకి. నల్లదారం కట్టింది మాత్రం పైపులో పొయ్యడానికే, చేత్తో ముట్టుకోకు, చర్మం కాలుతుంది."

"నేను నీ సీసాలు వాడతానని ఎవరన్నారు? అన్నీ పారేస్తాను."

"పారెయ్. నల్లదారందాన్ని మాత్రం మూత తియ్యకుండా పారెయ్."

"వెళ్ళేదానివి వెళ్ళక, నా చర్మం గొడవ నీకెందుకు?"

"సరేనండి, మీ ఇష్టం," అంది. కోపం వస్తే నన్ను మీరు అంటుంది. కోపం వచ్చినా ముడి వెయ్యడం ఆపలేదు. నల్లదారం రెండు చుట్లు చుట్టింది.

మంగళవారం

ఫ్యాన్ రెక్కలకి దుమ్ము పట్టింది. నేను స్టూలెక్కి తుడుస్తుంటే కింద ఆవిడ స్టూలు పట్టుకునేది. స్టూలు పట్టుకునే మనిషి మూట కట్టుకుంటోంది. ఇవాళ తుడవలేదు.

బుధవారం

ఏమీ లేదు.

గురువారం

ఏమీ లేదన్నానుగా, ఎందుకు కలం పట్టుకుని కూర్చుంటావు. పో, చీరలు మడత పెట్టుకో.

శుక్రవారం

ఇవాళ రాస్తున్నది కోడలు. ఆవిడ పక్కింటి వాళ్ళకి వెళ్ళొస్తానని చెప్పడానికి వెళ్ళింది, ఆ సందు చూసి కోడలిని పిలిపించాను.

"చిన్నత్తయ్యకి తెలియకుండా ఏం రాయించాలి?" అంది.

రాతిముక్క తెచ్చి దాని చేతిలో పెట్టాను. కోడలిది బట్ట నాణ్యం వేలితో చెప్పే చెయ్యి. ఒక సగం తడిమింది, ఇంకో సగం తడిమింది. నున్నగా ఉన్న సగం దగ్గర ఆగి, "ఇది మీదా అత్తయ్యా?" అంది.

"కాదు."

తిప్పి వెనకవైపు కూడా చూసింది. తల వంచుకుని కలం తీసుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెప్పింది చెప్పినట్టు రాస్తుందేమో అనుకుంటే, రెండు మాటలు కాకముందే ఆపింది.

"ఇలా వద్దత్తయ్యా, బాగుండదు. 'పొరపాటు జరిగింది' అని రాస్తాను."

"జరగడమేమిటి? దానంతటది మెట్లెక్కి వచ్చి జరిగిందా? నేను చేశాను. ఈ రెండు చేతులతో, భుజం నొప్పెట్టేలా రుద్ది రుద్ది చేశాను. ఎంత మచ్చ లేస్తే అంత రుద్దాను."

"పోనీ, 'తెలియక చేశాను' అని."

"తెలుసనుకునే చేశాను. తెలియనివాళ్ళు అంత గట్టిగా రుద్దరు."

కోడలు నవ్వింది. "మీతో రాయడం చిన్నత్తయ్యకే చెల్లింది," అంది. నిజమే. కోడలు రాస్తే నా మాట ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించినట్టుంటుంది. ఆవిడ రాస్తే నలిగింది నలిగినట్టే ఉంటుంది. ఈ మాట ఎవరి మీద పడిందో ఆ మనిషి చేత్తోనే దిగాలి. ఇంకొకరి చేత్తో రాయిస్తే, దొంగతనంగా గిన్నె కడిగి బోర్లించినట్టు.

కాని ఎలా చెప్పను? ఇన్నేళ్ళూ నేను చెబితే ఆవిడ విన్నది. అద్దమంటే అద్దం, గుడ్డంటే గుడ్డ. ఇప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని...

ఇక్కడితో చాలు. ఈ రెండు పేజీలూ కలిపి అంచులు కుట్టెయ్ అన్నాను. కోడలు కింద నుంచి సూది తెచ్చి కుట్టింది. కుట్టు బాగా వచ్చింది.

శనివారం

కలం ఆవిడ చేతికొచ్చింది. కుట్టిన పేజీలు చూసి, "ఇదేమిటక్కా?" అంది.

"కుట్టు," అన్నాను.

ఆదివారం

బండి మధ్యాహ్నానికి వస్తుందని వాళ్ళ అల్లుడు ఫోన్ చేశాడు. ఈవిడ పెట్టె గుమ్మం దగ్గరికి చేరింది. మా అబ్బాయి కొట్టు తెరవకుండా ఇంట్లోనే ఉండి, కుర్చీ లాక్కుని, "ఏదమ్మా, ఇలా తే, చదువుతాను," అని చెయ్యి చాపాడు.

"ఆగు. ఒకటి మిగిలింది. అది రాయించాక తీసుకో."

ఈవిడ ప్రయాణపు చీరలో ఉంది. కొంగు నలగకుండా సర్దుకుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పే మాట కాదది.

"రాయి. గట్టు మీద మచ్చ చేసింది నీలం సీసా కాదు, నా నిమ్మచెక్క. రాతిముక్క మీద రెండు కొట్ల నిమ్మకాయలూ పెట్టి చూశాను. రెండుసార్లూ నా చోటే పాడైంది, ఆవిడ సగం చెక్కుచెదరలేదు. మచ్చ చేసింది నేను. అబద్ధాలకోరుదానా అని నోరు పారేసుకున్నదీ నేనే."

కలం కదలలేదు.

"ఏం, సిరా అయిపోయిందా?"

"అది రాయనక్కా."

"ఎందుకు రాయవు? నీ మీద చెప్పినవన్నీ ఒక్కటి పొల్లుపోకుండా రాశావుగా."

"నా మీద కనక రాశాను. నీ మీద నా చేత్తో నేనెలా రాస్తాను?"

మా అబ్బాయి ఏదో అనబోతే చేత్తో ఆపాను.

"మాట నాది. నువ్వు రాసేదానివి మాత్రమే, తీసేసే అధికారం నీకెవరిచ్చారు? నిన్ను తిట్టినప్పుడు ఆగని చెయ్యి ఇప్పుడెందుకు ఆగాలి? రాయి."

రాసింది. చదవమన్నాను. చదివింది. నోరు పారేసుకున్న దగ్గర గబగబా దాటెయ్యబోతే, అక్కడి నుంచి మళ్ళీ చదవమన్నాను. అన్నీ ఉన్నాయి. ఈసారి కోడలి చేత చదివించి చూడక్కర్లేదు.

రాతిముక్క తెచ్చి మా అబ్బాయి ఒళ్ళో పెట్టాను. వాడు తడిమి చూసి, కోడలి మొహం చూసి, దానికి ముందే తెలుసని గ్రహించి, తల గోక్కున్నాడు.

"అయితే అమ్మా, నువ్వు పెట్టిన షరతు?"

"ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. ఈ రోజు నుంచి వంటింటి గట్టు మీద నేను చెయ్యి వెయ్యను. మాటంటే మాట. కోడలికి పొద్దస్తమానం మిషను ముందే సరిపోతుంది. నీకు గుడ్డ పిండడం కూడా రాదు. ఆ రాయి మీద జిడ్డు పేరుకుంటుంది, ఈగలు ముసురుతాయి, చూసినవాళ్ళు మొహం తిప్పుకుంటారు. అదంతా మీరూ మీరూ చూసుకోండి. నాకు సంబంధం లేదు."

అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కోడలు ఎందుకో వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది, మళ్ళీ కట్టింది.

ఈవిడ కలం మూత పెట్టింది. కళ్ళజోడు తీసి తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. తర్వాత ఫోన్ అందుకుని కూతురికి చేసింది.

"ఏమే, బండి పంపొద్దని అల్లుడికి చెప్పు. లేదే, ఒంట్లో బాగానే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆపలేదు కూడా. ఇక్కడ గట్టు తుడవడానికి దిక్కు లేదటే."

దిక్కు లేదన్నది ఆవిడ మాట. నేను అలా అనలేదు. పెట్టె లోపల పెట్టుకుని, చీర మార్చుకుని వచ్చి కూర్చున్నాక, అది కూడా రాయమన్నాను. రాస్తోంది.